ఎదురు తిరిగే టీనేజ్ పిల్లలతో నెగ్గుకురావడం ఎలా?

పిల్లలు తొమ్మిదో తరగతికో పదో తరగతికో వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒకే గొడవ రోజూ నడుస్తుంటుంది. ఫోన్ పక్కన పెట్టు, పుస్తకం తియ్యి, ఇంతసేపూ ఎక్కడున్నావు, ఆ జుట్టేంటి, చుట్టాలొస్తే బయటికి రావేంటి? అటు నుంచి వచ్చే జవాబులు కూడా దాదాపు ఒకటే: "నా ఇష్టం", "మీకేం తెలీదు", లేదంటే ధడేల్మని తలుపు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. పట్టుబట్టే విషయాలు తగ్గించుకోండి. పట్టుబట్టినవాటి మీద మాత్రం వెనక్కి తగ్గకండి. మిగతావి పిల్లలకు నిజంగానే వదిలేయండి. ప్రతిదానికీ 'వద్దు' వినిపించే ఇంట్లో, నిజంగా ప్రమాదమైన దానికి చెప్పిన 'వద్దు' కూడా పిల్లల చెవికి ఎక్కదు.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

ముందూ వెనకా ఆలోచించి ఆగే పనిని మెదడు ముందు భాగం చూసుకుంటుంది. అది పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల వయసు దాకా పడుతుంది. కోపం, ఉత్సాహం, తోటివాళ్ల మెప్పు కోసం తపన మాత్రం పదమూడు, పద్నాలుగేళ్లకే జోరు మీద ఉంటాయి. అందుకే పదిమంది ముందు తిడితే పిల్లలకు అంత రోషం వస్తుంది.

రెండోది నిద్ర. దీన్ని మన ఇళ్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ వయసులో నిద్ర ముంచుకొచ్చే వేళ గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మనమేమో పొద్దున అయిదింటికే లేపి స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతాం. రాత్రి పదకొండు దాకా హోంవర్క్, ఆ తర్వాత గంటసేపు దుప్పటి కింద ఫోన్. అలా అయిదారు గంటలే పడుకున్న పిల్ల పొద్దున్నే టిఫిన్ దగ్గర కసురుకుంటే అది పొగరు అనుకుంటాం. మీ పిల్లలు ఎన్ని గంటలు పడుకుంటున్నారో ఒక వారం లెక్క వేయండి. చాలా ఇళ్లలో గొడవలు తగ్గించే మొదటి మందు ఇదే.

వారం రోజులు గొడవ ఆపండి

మారమని పిల్లలకు చెప్పే ముందు మీరు ఒక వారం ఉపన్యాసాలు మానేయండి. అన్నం పెట్టడం, కాలేజీ వేళ చూడడం, అవసరమైన రెండు మాటలు మాట్లాడడం, అంతే. ఆ వారంలో గొడవ ఎప్పుడు మొదలవుతోందో, ఏ మాట దగ్గర అంటుకుంటోందో గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. సాధారణంగా రోజూ ఒకే వేళకి, ఒకే విషయం మీద రాజుకుంటున్నట్టు తేలుతుంది.

ఎక్కువగా కనిపించేది సాయంత్రం. పిల్లాడు ఆకలితో, చెమటతో, బ్యాగు భుజాన వేలాడుతుండగా గుమ్మంలోకి వస్తాడు. చెప్పులు విప్పకముందే "వీక్లీ టెస్ట్ మార్కులు వచ్చాయా?" అని అడుగుతాం. ఆ ఒక్క ప్రశ్న మానేసి చూడండి. ముందు ఏదైనా తిననివ్వండి, అరగంట తనమానాన తనని ఉండనివ్వండి. మార్కుల సంగతి రాత్రి భోజనం అయ్యాక కూడా అడగొచ్చు.

మూడు కుప్పలుగా విడగొట్టండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని, పిల్లలతో మీకున్న పేచీలన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఈ పని సగమే అవుతుంది. ఎందుకంటే నాన్న వద్దన్నది అమ్మ చాటుగా ఇస్తే, అమ్మ కాదన్నది నాయనమ్మ కొంగుముడి విప్పి ఇస్తే ఏ నియమమూ నిలవదు. తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలో ప్రాణానికి, ఆరోగ్యానికి, చట్టానికి సంబంధించినవి ఉండాలి. లైసెన్స్ లేకుండా బండి నడపడం, మందు, గంజాయి, కొట్టడం, రాత్రిపూట ఎక్కడున్నదీ చెప్పకపోవడం. వీటి మీద బేరం లేదు.

బండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "ట్యూషన్‌కే కదా" అని తాళాలు మనమే ఇస్తున్నాం. పదహారేళ్లు నిండినవాళ్లకు 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే లైసెన్స్ ఇస్తారు. ఇళ్లలో ఉండే పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 సీసీ దాటినవే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడు అవుతాడు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇదంతా పిల్లాడికి బెదిరింపుగా కాకుండా కూర్చోబెట్టి చెప్పండి. "స్నేహితులు అడిగితే మా నాన్న జైలుకెళ్లాల్సి వస్తుందట అని చెప్పు" అనండి. తోటివాళ్ల ముందు పరువు పోకుండా తప్పుకోవడానికి వాడికి ఒక సాకు కావాలి. ఆ సాకు మీరే అవ్వండి.

రెండో కుప్పలో మాట్లాడుకుని తేల్చుకునేవి: ఫోన్ ఎంతసేపు, ఇంటికి ఎన్నింటికి రావాలి, పాకెట్ మనీ ఎంత, ట్యూషన్ ఉండాలా వద్దా.

మూడో కుప్ప పూర్తిగా వాళ్లది. జుట్టు, బట్టలు, వినే పాటలు, గది సర్దుకోవడం, పెళ్లిళ్లలో అందరితో నవ్వుతూ మాట్లాడడం. మీకు నచ్చనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. కాగితం నింపాక చూసుకుంటే, మీ ఇంట్లో రోజువారీ రచ్చలో ఎక్కువ భాగం ఈ మూడో కుప్పలోదేనని మీకే తెలుస్తుంది. చిరిగిన జీన్స్ మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే, గంజాయి గురించి మాట్లాడాల్సిన రోజున వినేవాళ్లుండరు.

రెండో కుప్ప మీద బేరానికి కూర్చోండి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచి వేళ. టీవీ కట్టేసి, ముందు వాళ్లనే అడగండి: "ఇంటికి ఎన్నింటికి రావడం న్యాయమని నువ్వనుకుంటున్నావు?" వాళ్లు పదిన్నర అంటారు, మీరు ఎనిమిదిన్నర అంటారు, తొమ్మిది దగ్గర ఆగుతుంది. తన నోటి నుంచి వచ్చిన మాటకి పిల్లలు కట్టుబడే అవకాశం ఎక్కువ. నాలుగైదు నియమాలు చాలు. రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

మాట తప్పితే ఏమవుతుందో కూడా అప్పుడే తేల్చుకోండి. అది చిన్నదిగా, త్వరగా అయిపోయేదిగా, చేసిన పనికి సంబంధించినదిగా ఉండాలి. కోపంలో "నెల రోజులు ఫోన్ ముట్టుకోవద్దు" అంటాం. మూడో రోజుకి పిల్లాడికి పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు, మనకు ఓపిక ఉండదు, వారం తిరిగేసరికి ఫోన్ వాడి చేతిలోనే ఉంటుంది. దానికంటే ఒక్క సాయంత్రం ఫోన్ తీసుకుని, చెప్పిన వేళకి తిరిగి ఇచ్చేయడం మేలు.

ఒక సందర్భం చూద్దాం. తొమ్మిదింటికి వస్తానన్న పదహారేళ్ల కొడుకు పదిన్నరకి వచ్చాడు. ఫోన్ ఎత్తలేదు. తండ్రి నోటి చివర ఉన్న మాట మనందరికీ తెలుసు: "ఇది ఇల్లనుకున్నావా, సత్రమనుకున్నావా?" ఆ మాట అన్నాక వచ్చేవన్నీ కూడా తెలుసు. దాని బదులు ఆ రాత్రి ఇంతే అనండి:

"తిన్నావా?"

"తిన్నా."

"సరే, పడుకో. పొద్దున మాట్లాడదాం."

పొద్దున కాఫీ దగ్గర గొంతు పెంచకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. "తొమ్మిదికి వస్తానన్నావు. పదిన్నరైంది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీ అమ్మ గేటు దగ్గరే నిలబడింది. ఏమైందిరా?" అని ఆగండి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని మీరు నింపొద్దు. వాడు చెప్పింది పూర్తిగా విన్నాక, "అనుకున్న ప్రకారం ఈ శనివారం ఎనిమిదికే రావాలి. వచ్చే వారం నుంచి మళ్లీ తొమ్మిదే" అని ముగించండి. పాత తప్పులు తవ్వకండి. పదో తరగతి ప్రీ-ఫైనల్ మార్కుల్ని అక్కడికి లాక్కురాకండి.

నియమాలు పెద్దలకూ వర్తించాలి. భోజనాల దగ్గర ఫోన్ వద్దని రాసుకుంటే, నాన్న ఫోన్ కూడా పక్క గదిలోనే ఉండాలి.

మాటా మాటా పెరిగినప్పుడు

"నన్నెందుకు కన్నారు?" అనే మాట ఏదో ఒక రోజు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. గుండెలో గుచ్చుకుంటుంది. అప్పుడే జవాబు చెప్పకండి. "ఇప్పుడు ఇద్దరం కోపంగా ఉన్నాం. అరగంటాగి మాట్లాడదాం" అని మీరే అక్కణ్నుంచి కదలండి. గదిలోకి వెంటపడి వెళ్లకండి, తలుపు బాదకండి. అరగంట తర్వాత తప్పకుండా తిరిగి వెళ్లండి. వెళ్లకపోతే, అలిగి గొడవ నుంచి తప్పించుకోవచ్చని పిల్లలు నేర్చుకుంటారు.

చెయ్యి చేసుకోవద్దు. పదిహేనేళ్ల పిల్లల మీద చెయ్యెత్తితే వాళ్లు మారరు, దాచడం నేర్చుకుంటారు. కొందరు తిరగబడి చెయ్యి పట్టుకుంటారు. ఆ రోజుతో ఇంట్లో మాటలే పోతాయి.

నోటి దాకా వచ్చినా మింగేయాల్సిన మాటలు కొన్నున్నాయి. పక్కింటి అమ్మాయి ర్యాంకు, బాబాయి కొడుకు ప్యాకేజీ. "నీ కోసం ఎంత ఖర్చు పెట్టామో తెలుసా?" అన్నిటికంటే చెడ్డది, "ఇలాగే చేస్తే నా శవాన్ని చూస్తావు" అని తల్లులు అనే మాట. మన ఇళ్లలో అది మామూలైపోయింది కానీ, కష్టం వస్తే చావే దారి అని పిల్లలకు చెప్పినట్టవుతుంది. ఆ మాట మీ ఇంట్లో ఉంటే ఇవాళే మానేయండి.

మాట్లాడడానికి ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు

"ఇలా రా, కూర్చో, నీతో మాట్లాడాలి" అనగానే పిల్లలు నోరు కట్టేసుకుంటారు. చేతులకు పని ఉన్నప్పుడు, కళ్లు ఒకరి మీద ఒకరికి లేనప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఒక బుట్టెడు చిక్కుడుకాయలు ముందు పోసుకుని, ఈనెలు తీయడానికి కూతుర్ని పిలవండి. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత క్లాసులో ఎవరో ఏడ్చారని మొదలవుతుంది, సగం బుట్ట అయ్యేసరికి అసలు సంగతి బయటికొస్తుంది. అప్పుడు మీరు చేయాల్సిందల్లా కాయలు ఒలుస్తూ "ఊఁ, తర్వాత?" అనడమే. సలహా అడిగితేనే ఇవ్వండి. నాన్నలకు బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్లే దారి ఇలాగే పనికొస్తుంది.

మీతో బొత్తిగా మాట్లాడకపోతే, మేనమామనో పిన్నినో, పిల్లలు ఇష్టపడే ఒక పెద్దమనిషిని పట్టుకోండి. "వాడేం చెప్పాడో నాకు చెప్పు" అని మాత్రం అడగకండి. ప్రాణం మీదికొచ్చేదైతే తప్ప ఆ మాటలు అక్కడే ఉండాలి.

ఫోన్

రాత్రి పదింటికి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి పెట్టండి, మీవి కూడా. నిద్రకీ గొడవలకీ ఈ ఒక్కటి చేసే మేలు ఇంకేదీ చేయదు. దొంగచాటుగా చాట్‌లు చదవొద్దు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల ఫోన్ చూడాలనుకుంటే చూస్తానని ముందే చెప్పి చూడండి. వయసు పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రండి. మీ యూపీఐ పిన్ వాళ్లకు తెలియనివ్వకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రమే చట్టం తెచ్చింది. అయినా పిల్లల దాకా వచ్చే లింకులు ఆగలేదు.

ఒక మాట మాత్రం వాళ్లకు ముందే, ప్రశాంతంగా ఉన్న రోజున చెప్పి పెట్టండి: "డబ్బు పోయినా, ఎవరైనా ఫోటోలు పెట్టి బెదిరించినా ముందు మా దగ్గరికి రా. తిట్టం. కలిసి చూసుకుందాం." వచ్చిన రోజున నిజంగానే తిట్టకండి. డబ్బు మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆడపిల్లల్ని వేధిస్తుంటే తెలంగాణలో షీ టీమ్స్‌కి చెప్పొచ్చు.

చదువు దగ్గర తిరుగుబాటు

మన దగ్గర టీనేజ్ గొడవల్లో సగానికి వేరు ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. పదో తరగతి ఫలితాలు రాగానే ఎంపీసీయా బైపీసీయా అనేది పెద్దవాళ్లే తేల్చేస్తారు. పిల్లల అభిప్రాయం అడిగేది అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టించేటప్పుడే. ఆ తర్వాత ఏడాది పొడవునా పుస్తకం ముట్టని పిల్లాణ్ని మొండివాడంటాం. గ్రూపు ఎంచుకునే ముందు ఎంఈసీ, సీఈసీ, పాలిటెక్నిక్ చదివినవాళ్లతో పిల్లల్ని స్వయంగా మాట్లాడనివ్వండి. మొదటి సంవత్సరంలోనే తప్పు గ్రూపు అని తేలితే, ఒక ఏడాది పోయినా మార్చడం మంచిదే.

రెసిడెన్షియల్ కాలేజీ నుంచి "నేనిక్కడ ఉండలేను" అని ఫోన్ వస్తే, "అందరూ ఉండట్లేదా" అని పెట్టేయకండి. ఆ వారంలోనే వెళ్లి కలవండి. గేటు దగ్గర విజిటింగ్ అవర్లో కాకుండా బయటికి తీసుకెళ్లి, అన్నం తినిపించి అడగండి. ఎన్ని గంటలు పడుకుంటున్నావు? ఎవరైనా కొడుతున్నారా? సెక్షన్ మార్చారా? మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం విద్యాసంస్థలు, కోచింగ్ సెంటర్లు చేయరాదని సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ప్రిన్సిపాల్‌ని మీరు ధైర్యంగా అడగొచ్చు. కట్టిన ఫీజు పోతుందనే లెక్క మీద మాత్రం పిల్లల్ని అక్కడ ఉంచేయకండి. ఆ డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు.

ప్రేమ అని తెలిస్తే

చదువు మాన్పించడం, ఫోన్ పగలగొట్టడం, అమ్మాయికి హడావిడిగా సంబంధాలు చూడడం. ఈ మూడూ పిల్లల్ని ఇంట్లోంచి బయటికి నెట్టేవే. పద్దెనిమిది నిండకుండా అమ్మాయికి పెళ్లి చేయడం నేరం కూడా. వినండి, ఎవరో తెలుసుకోండి, చదువు ఆగకూడదన్న ఒక్కదాని మీద నిలబడండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సంగతి మగపిల్లలకు స్పష్టంగా చెప్పాలి: లైంగిక సంబంధానికి పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయి ఒప్పుకున్నా చట్టం దాన్ని ఒప్పుకోలుగా చూడదు.

ఇది తిరుగుబాటు కాదని గుర్తుపట్టడం

ఎదురు చెప్పే పిల్లలు స్నేహితులతో నవ్వుతారు, ఆడతారు, ఇష్టమైన కూర కనిపిస్తే తింటారు. రెండు వారాలకు పైగా అవి కూడా పోతే జాగ్రత్తపడండి. నిద్ర పూర్తిగా తప్పడం, ఇష్టమైన ఆట మానేయడం, చేతుల మీద గాయాలు కనబడకుండా ఎండాకాలంలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు వేసుకోవడం, ఇంట్లో డబ్బు మాయమవడం, దాచుకున్న వస్తువులు ఉన్నట్టుండి పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు హాయి" అనడం. ఇవేవీ పొగరు కావు.

అలాంటప్పుడు సూటిగా అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా, కన్నా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు ఉంటే తీసేయండి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున ఒకరు సెలవు పెట్టుకుని ఇంట్లో ఉండండి. సప్లిమెంటరీ ఉందని ఫలితాలు రాకముందే చెప్పి ఉంచండి.

టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ పిల్లలే చేయాలని లేదు, "మా వాడు ఇలా ఉన్నాడు, ఏం చేయమంటారు?" అని మీరే అడగొచ్చు. ఇంట్లో గానీ బయట గానీ పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే 1098. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లాల్లో అయితే పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి.

డాక్టర్ దగ్గరికి రానంటే ఈడ్చుకెళ్లకండి. మోసం చేసి, కంటి పరీక్షకని చెప్పి తీసుకెళ్లకండి. ముందు మీరిద్దరే వెళ్లి పరిస్థితి చెప్పండి. డాక్టర్ చెప్పినవి రెండు ఇంట్లో మొదలుపెట్టి, "మేం వెళ్లొచ్చాం. మాకు పనికొచ్చింది. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్తున్నాం, నువ్వూ ఒక్కసారి వస్తావా?" అని అడగండి. ఆ వారం రాకపోతే ఆ పై వారం మళ్లీ అడగండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం ఒప్పుకునేదాకా ఆగకుండా అప్పటికప్పుడే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.